తిరుగు దండం

మమేజి నిద్ర లేచేసరికి నారా లేదు.

పడుకునేటప్పుడు ఊరు ఊరంతా ఉంది. పెద్ద పార్కు, పార్కు నిండా తనలాంటి జింకలు, రాతి దీపస్తంభాల మధ్య నుంచి గుంపులు గుంపులుగా వచ్చే యాత్రికులు, మలుపు దగ్గర గొడుగు కింద తవుడు బిళ్ళలు అమ్మే తొమియో అవ్వ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్యాహ్నం వాన మొదలైంది, జనం పలచబడ్డారు, రోడ్డు వారన ఒక చిన్న లారీ ఆగి ఉంది, దాని వెనక నుంచి తవుడు వాసన వస్తోంది. అలాంటిలాంటి వాసన కాదు, బస్తాల కొద్దీ వాసన. మమేజి ఎక్కాడు, ఒక బస్తా మూల కొరికాడు, తిన్నాడు, ఇంకాస్త తిన్నాడు, పట్టా కింద వెచ్చగా ఉంది కదా అని ఒక్క కునుకు తీద్దామనుకున్నాడు. అంతే.

లేచింది ఎక్కడంటే ఏదో కొండ మలుపులో. లారీ ఆగి ఉంది, నడిపే ముసలాయన ఇంజను ఆపకుండానే దిగి పొదల వైపు తిరిగి నిలబడి కూనిరాగం తీస్తున్నాడు. మమేజి కంగారుగా దూకేశాడు, ఇల్లు వచ్చేసిందనుకున్నాడు పాపం. ముసలాయన పని ముగించుకుని ఎక్కాడు, లారీ మలుపు తిరిగింది, చప్పుడు సన్నబడింది, తర్వాత అదీ లేదు.

చుట్టూ దేవదారు చెట్లు, వాటి మధ్య పొగమంచు. జెండా ఎత్తి పట్టుకుని నడిచే గైడు లేడు, ఫొటోలు తీసేవాళ్ళు లేరు, కాలికి అడ్డం పడే పిల్లలు లేరు.

మమేజి చెట్లకి వంగి దండం పెట్టాడు. అలవాటు. చెట్లు వంగలేదు.

నారాలో జింకలంటే గుడి దేవుడి జింకలు, అక్కడ జింకగా పుట్టడమంటే పని తెలిసి పుట్టడమే. మనిషి బిళ్ళ చూపిస్తాడు, జింక తల దించి వంగుతుంది, మనిషి తిరిగి వంగుతాడు, బిళ్ళ నోట్లోకి వస్తుంది. మిగతా జింకలకి బిళ్ళ ముఖ్యం. మమేజికి మాత్రం మధ్యలో వచ్చేది ముఖ్యం, అదే, మనిషి తిరిగి వంగడం. అందులోనూ పొద్దున్నే తొమియో అవ్వ పెట్టే దండం. అప్పటికి ఆవిడ గొడుగు కూడా విప్పదు, చేతిలో బిళ్ళలుండవు, నడుం నొప్పితో "హబ్బా" అనుకుంటూ వంగి, "లేచావా మమేజీ, ఈ పూట కూడా కాస్త కనిపెట్టుకుని ఉండు నాయనా" అంటుంది. ఆ దండం అందితే చాలు, తను ఉన్నట్టే. రేపు పొద్దున అది అందదు.

ఇంటికి పోవాలి. ఎటు? దారి అడుగుదామంటే ఎవరూ లేరు. కాస్త ముందుకెళితే ఒకడు కనిపించాడు గానీ వాడు చచ్చిపోయి ఉన్నాడు. నక్క సైజులో ఉన్నాడు, బొద్దుగా, కళ్ళ చుట్టూ కాటుక పులుముకున్నట్టు నల్లగా, నాలుగు కాళ్ళూ ఆకాశానికి పెట్టి. తనుకి అనే జాతి, నక్కకి చుట్టం. పార్కులో అవ్వ కొట్టు పక్కన తనుకి మట్టిబొమ్మ ఒకటి ఉంటుంది, అందుకే పోల్చుకున్నాడు. మమేజి శవానికి కూడా మర్యాదగా వంగాడు.

శవం ఒక కన్ను తెరిచింది. "పోయిందా?"

"ఏది అండీ?"

"అదేరా, ఏదో పెద్ద జంతువు, ఆకులన్నీ తొక్కుకుంటూ ఇటే వచ్చింది."

"అది నేనేనండి."

శవం కన్ను మూసుకుంది. ఈసారి నిజంగానే స్పృహ తప్పింది.

వాడి పేరు డొంపచి. తేరుకున్నాక మమేజి చుట్టూ తిరిగి, వాసన చూసి, వీడు కరిచే రకం కాదని ఖాయం చేసుకున్నాక ఇక నోరు మూయలేదు. "భయపడ్డాననుకున్నావా? అదంతా ఎత్తు. శత్రువు దగ్గరికి రావాలి, అప్పుడు పట్టుకుంటా. మా ఇంట్లో అందరికీ వచ్చు ఈ విద్య. మా ఆవిడైతే కూర్చుని కూర్చునే పడిపోతుంది. పిల్లలా, బోలెడంత మంది. ఇల్లంతా గోల గోల, అందుకే కాస్త గాలి కోసం ఇలా వచ్చా. నువ్వేంటి, ఇందాక నాకు దండం పెట్టావు? నేనేమన్నా పెద్దమనిషిలా కనిపిస్తున్నానా?"

"మా ఊళ్ళో అందరికీ పెడతామండి. మీరు కూడా తిరిగి పెట్టాలి."

"నేనా? వంగడమా? పో పోవోయ్. ఈ పొట్టతో వంగితే మళ్ళీ లేచేదెవరు?"

నారాకి దారి తెలుసా అంటే, తెలియకపోవడమేమిటి, ఈ కొండ దాటితే అదే అన్నాడు. కొండ దాటితే ఇంకో కొండ ఉంది. దాని మీద ఇవావో ఉన్నాడు.

ఇవావో ఆ కొండ మగజింక. కొమ్ములు ఎండిన చెట్టు కొమ్మల్లా ఉన్నాయి, మెడ నిండా జూలు, పైగా శరదృతువు, మగజింకలకి తల తిరిగే కాలం. వెనక ఆడజింకలు గడ్డి మేస్తున్నట్టు నటిస్తూ చూస్తున్నాయి.

"ఎవడ్రా నువ్వు?"

మమేజి ముందుకాళ్ళు సర్దుకుని, మెడ దించి, పద్ధతిగా వంగాడు.

అడవిలో ఒక మగజింక ఇంకో మగజింక ముందు తల దించితే ఒకటే అర్థం. రా, చూసుకుందాం. ఇది పార్కు జింకకి ఎవరు చెబుతారు?

"నా కొండ మీదికొచ్చి నాకే తల దించుతావా!"

"అయ్యయ్యో, తప్పయిపోయిందండి," అని మమేజి ఇంకా కిందికి వంగాడు.

"మళ్ళీనా!"

"క్షమించండి, క్షమించండి." మళ్ళీ, మళ్ళీ.

"వీడి పొగరు చూడండే!" ఇవావో నేల గీరాడు, ముక్కులోంచి పొగలు వదిలాడు, దూకబోతూ ఆగిపోయాడు. "ఆగు. నీ కొమ్ములేవి?"

"కోశారండి. ఏటా కోస్తారు. నలుగురు పట్టుకుని తల కింద దిండు పెడతారు, పూజారిగారు రంపంతో కోస్తారు, నీళ్ళు కూడా పడతారు. చాలా బాగా చూసుకుంటారు."

ఆడజింకలు ఇక ఆగలేకపోయాయి. "క్షవరం చేయించుకుని యుద్ధానికొచ్చాడటే!" "దిండు కూడా ఇచ్చారటమ్మా!" డొంపచి ఆదుకుంటాడేమోనని మమేజి పక్కకి చూశాడు. వాడు ఎప్పుడో కాళ్ళు పైకి పెట్టేశాడు.

ఇవావో పొడవలేదు. కొమ్ముల్లేనివాణ్ణి పొడిస్తే తనకే పరువు తక్కువ. ఊరికే భుజంతో ఒక్క తోపు తోశాడు. మమేజి వాలులో దొర్లాడు, పొదలు విరుచుకుంటూ దొర్లాడు, ఒక వెదురు తోపులోంచి దొర్లి ఒక ఇంటి వెనక పెరట్లో ఆగాడు.

అక్కడ చప్పుడు లేదు. నాచు పట్టిన రాళ్ళు, రాళ్ళ మధ్య చిన్న నీటి ధార. ధార వెళ్ళి, నడుం దగ్గర ఇరుసు మీద ఊగే ఒక వెదురు గొట్టంలో పడుతోంది. మమేజి దానికేసి చూస్తూ, దెబ్బ తగిలిన భుజంతోనే, ఇంకేం తోచక వంగాడు.

గొట్టం నిండింది. మెల్లగా ముందుకి వంగింది, నీళ్ళు ఒలకబోసింది, వెనక్కి లేచి రాయికి తగిలింది. ఠక్.

మమేజి ఊపిరి బిగబట్టాడు. మళ్ళీ వంగాడు. కాసేపటికి అది కూడా వంగింది. ఠక్.

ఆ కొండ మీద వాడికి తిరిగి దండం పెట్టింది అదొక్కటే.

ఇక వాడు ఆ పెరడు వదిలి దూరం పోలేదు. ఇంటికి దారి అన్న మాట కూడా ఎత్తడం మానేశాడు. ఆ ఇల్లు పుట్టగొడుగులు పెంచే కన్రొకు అనే ముసలాయనది. ఆయన ఒక్కడే. పొద్దున్నే దుంగలు పేర్చిన షెడ్డులోకి పోయి చీకటి పడే వేళకి వస్తాడు, జింక అడుగులు కనిపిస్తే చాలు మూకుడు గరిటతో వాయిస్తూ తోటంతా తిరుగుతాడు. ఆ చప్పుడుకి మమేజి వెదురు తోపులో దూరేవాడు, ఆయన లోపలికి పోగానే మళ్ళీ గొట్టం ముందుకొచ్చి నిలబడేవాడు. అది నిండే దాకా ఎదురుచూసేవాడు. "లేచావా, ఈ పూట కూడా కాస్త కనిపెట్టుకుని ఉండు" అని అవ్వ మాటలే దానికి చెప్పేవాడు. ఠక్. మంచు దిగేది, ఆకులు రాలేవి, ఇంట్లో ముసలాయన టీవీ ఒక్కటే మాట్లాడేది. ఠక్.

డొంపచి రోజూ వచ్చేవాడు. పండిన పెర్సిమన్ పళ్ళు దొర్లించుకుంటూ తెచ్చేవాడు. "మా ఆవిడ పంపింది, తినమంది" అనేవాడు. మమేజి తినేవాడు గానీ కళ్ళు గొట్టం మీదే ఉండేవి. డొంపచి తన పిల్లల అల్లరి గురించి ఏదో పెద్ద కథ చెబుతుంటే సరిగ్గా నవ్వొచ్చే చోట, "ఒక్క క్షణం అండీ, నిండుతోంది" అని అటు తిరిగేవాడు.

ఒక సాయంత్రం డొంపచికి ఒళ్ళు మండింది.

"అది మాట్లాడదు కదరా!"

"వంగుతుంది కదండీ. మీరు ఒక్కసారైనా వంగారా?"

"నువ్వు వంగకపోయినా వంగుతుందది! కావాలంటే చూడు. ఊరికే నిలబడి చూడు."

మమేజి ఎప్పుడూ అలా చూడలేదు. చూడాలనిపించలేదు కూడా. మెడ నిటారుగా పెట్టి నిలబడ్డాడు. దించుదామా అని మెడ నరాలు లాగాయి, ఓర్చుకున్నాడు. గొట్టం నిండింది, వంగింది, లేచింది.

ఠక్.

"చూశావా? అది జింకల్ని తరమడానికి పెట్టిందిరా మొద్దూ! ఆ చప్పుడు నీకే. పో, పో అంటోంది. ఇన్నాళ్ళూ నిన్ను పొమ్మంటుంటే దానికి దండాలు పెడుతున్నావు!"

మమేజి గొట్టం నుంచి డొంపచి వైపు తిరిగాడు. గొంతు ఎప్పటిలా మర్యాదగానే ఉంది, అదే ఇంకా ఘోరంగా వినిపించింది.

"మీ ఇంట్లో ఎవరూ లేరు కదండీ. మొన్న పళ్ళకి థాంక్స్ చెబుదామని వచ్చాను. లోపల ఆకులు ఒక్కరు పడుకున్న మేరకే నలిగి ఉన్నాయి."

డొంపచి పడిపోతాడేమో అనుకున్నాడు. వాడు పడిపోలేదు. కూర్చున్నాడు.

"ఉండేది," అన్నాడు. "మా ఆవిడ ఉండేది. ఇద్దరం కింద రోడ్డు దాటుతున్నాం. ఏదో లారీ, ఇంతేసి లైట్లు. నేను అక్కడే పడిపోయా. అందరూ నవ్వే పడిపోవడమే, ఇదే. తను దాటేసిందట, నేను పడిపోవడం చూసి వెనక్కొచ్చిందట నన్ను లాగడానికి. చెట్టు మీద కాకి చెప్పింది. నేను లేచేసరికి రోడ్డు మీద నేనొక్కణ్ణే బతికున్నా." ముక్కు తుడుచుకున్నాడు. "పిల్లలు అబద్ధం. పిల్లలు పుట్టనే లేదు. పళ్ళు నేనే కోశా."

ఠక్, అంది గొట్టం. ఇద్దరూ దానికేసి చూడలేదు.

మమేజికి ఇల్లు మళ్ళీ గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున అసలు లేవలేదు, వెదురు ఆకుల్లో తల దూర్చి పడుకున్నాడు. ఎవరికీ వంగలేదు. డొంపచి వచ్చి చుట్టూ తిరిగాడు, దగ్గాడు, తోకతో కొట్టాడు.

"ఒరేయ్, లే. ఆ ముసలాడు లారీలోకి పెట్టెలు ఎక్కిస్తున్నాడు. ఆ లారీ వాసన చూశావా ఎప్పుడైనా?"

మమేజి ముక్కు ఎగరేశాడు. తవుడు. పుట్టగొడుగుల దుంగలకి వాడే తవుడు, అదే లారీ, అదే పట్టా.

"పట్టణం సంతకేగా పోయేది. ముసలాడి ఎదురుగా పోయి నిలబడు. నిలబడి, నీకొచ్చిన పని చెయ్యి."

"ఆయన దగ్గర మూకుడు ఉందండీ. ఇక్కడ నేను ఎవరికి వంగినా తన్నులే కదా."

"వాడు మనిషి. మీ ఊళ్ళో వంగేదీ మనుషులేగా?" డొంపచి పెరటి గుమ్మం వైపు చూశాడు. "పద, నేనూ వస్తా. నీ పక్కనే ఉంటా. పడిపోను, చూడు."

పక్కనే వచ్చాడు. పెరటి గుమ్మం దాకా, మూకుడు కనిపించే దాకా, కన్రొకు తిరిగి చూసే దాకా వచ్చాడు.

"హోయ్! హోయ్! నా పుట్టగొడుగులు బొక్కింది నువ్వేనా, దొంగ సచ్చినోడా! పో!" ఖణేల్మని మూకుడు మోగింది.

మమేజి పక్కన మెత్తగా ధబ్బుమంది. చూడక్కర్లేదు, ఏం పడిందో తెలుసు. మమేజి కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి పరిగెత్తాలని చూశాయి. మళ్ళీ ఖణేల్. వాడు కళ్ళు మూసుకున్నాడు. ముందుకాళ్ళు సర్దుకున్నాడు. వంగాడు.

కన్రొకు మూకుడు గాలిలో ఉండగానే నడుం దగ్గర్నుంచి చక్కగా తిరిగి వంగాడు.

పాపం ఆయన తప్పు కాదు. పొరుగువాళ్ళకి, పోస్టుమాన్‌కి, బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి, ఫోనులో అవతల ఉన్నవాడికి కూడా వంగి వంగి అరిగిన నడుం అది. ఎదురుగా ఎవరో వంగితే తను నిటారుగా ఉండటం దానికి చేతకాదు.

ఆయన లేచాడు. మూకుడు దించాడు. అటూ ఇటూ చూశాడు, ఎవరైనా చూశారేమోనని. "ఆగాగు," అన్నాడు. "నేనిప్పుడు జింకకి దండం పెట్టానా?"

మమేజి మళ్ళీ వంగాడు. కన్రొకు వద్దు వద్దనుకుంటూనే సగం వంగేశాడు.

"ఓరి నీ!" దగ్గరికొచ్చి, కోసిన కొమ్ముల మొదళ్ళు వేలితో తడిమాడు. "నారా వాడివా నువ్వు! గుడి జింకవా! నా బండిలోనే వచ్చుంటావు, బస్తా మూల కొరికేసింది ఎలక కాదన్నమాట!" పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పెరట్లో ఎవరైనా నవ్వి చాలా కాలమైనట్టుంది, వెదురులోంచి పిట్టలు లేచిపోయాయి. "మా ఆవిడ ఉండుంటేనా, దేవుడి జింకని మూకుడుతో కొట్టబోయావా అని నన్నీ పాటికి చంపేసేది. పద, ఎక్కు, ఎక్కు."

ఆయన పెట్టెలు పక్కకి జరుపుతుంటే మమేజి డొంపచి చెవి దగ్గరికి తల వంచాడు. "లేవండి. మీరు కూడా రండి. పార్కులో బోలెడు చోటుంది, అవ్వ ఏమీ అనదు."

ఒక కన్ను తెరుచుకుంది. "లారీలోనా? నేనా?"

మమేజికి అప్పుడు గుర్తొచ్చింది. నాలుక కరుచుకున్నాడు.

"పో రా. వాడు ఇటే చూస్తున్నాడు, నేను చచ్చిపోయున్నా, మాట్లాడించకు." కన్ను మూసుకుంది. మూసుకున్నాక చివర్న తడి కనిపించింది.

"వెళ్ళొస్తాను, అన్నా," అన్నాడు మమేజి. మీరూ, అండీ ఎటు పోయాయో వాడికే తెలియదు.

లారీ కదిలింది. పట్టా వెనక చీలిక లోంచి మమేజి చూస్తూనే ఉన్నాడు. ఇల్లు వెనక్కి పోయింది, వెదురు తోపు పోయింది. అప్పుడు వాలులో పొదలు కదిలాయి. బొద్దుగా, పడుతూ లేస్తూ, పొట్ట నేలకి రాసుకుంటూ డొంపచి పరిగెత్తుకొస్తున్నాడు. వాళ్ళావిడ పోయాక రోడ్డు ఛాయలకి రానివాడు తారు రోడ్డు అంచు దాకా వచ్చి ఆగాడు. రొప్పుతున్నాడు. మమేజి పెట్టెల మధ్య కాళ్ళు కూడదీసుకుని, లారీ కుదుపుకి తూలుతూనే వంగాడు.

డొంపచి వాడికేసి చూశాడు. మెడ కొంచెం కదిలింది. సరిగ్గా అప్పుడే మలుపు వచ్చిందని కన్రొకు హారన్ కొట్టాడు.

డొంపచి బోర్లా పడిపోయాడు. ఎండుటాకుల మీద, పొట్టా ముక్కూ నేలకి ఆనించి, పూర్తిగా.

భయంతో పడ్డాడా, వంగుతూ పడ్డాడా? మమేజికి తెలియలేదు. కానీ నారాలో ఎంతమంది దండాలు చూశాడో వాడు! గుడి పూజారుల దండాలు, పెళ్ళిబట్టల్లో వచ్చే కొత్త జంటల దండాలు, అన్నీ చూశాడు. ముక్కు నేలకి తగిలేంతగా తన కోసం వంగినవాళ్ళు ఎవరూ లేరు. మలుపు తిరిగి దేవదారు చెట్లు అడ్డం వచ్చినా మమేజి తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున తొమియో అవ్వ గొడుగు చంకలో పెట్టుకుని వచ్చి, మలుపు దగ్గర వాణ్ణి చూసి గొడుగు వదిలేసింది. "ఎక్కడ తిరిగొచ్చావురా వెధవా! భుజానికి ఆ దెబ్బేంటి? తిండి తిన్నావా లేదా?" అని కొంగేమీ లేదు కాబట్టి ఏప్రాన్‌తోనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత, ఏం జరిగినా పద్ధతి పద్ధతే కాబట్టి, నడుం పట్టుకుని, "హబ్బా," అని వంగింది. "లేచావా మమేజీ, ఈ పూట కూడా కాస్త కనిపెట్టుకుని ఉండు నాయనా."

మమేజి వంగాడు. ఇన్నాళ్ళూ దీని కోసమేగా. అందింది. అందినా, ఎక్కడో కొంచెం నిండలేదు.

ఆవిడ కట్ట విప్పి బిళ్ళ చాపింది. మమేజి తీసుకోలేదు. వెనక్కి తిరిగాడు. లారీ వచ్చిన దక్షిణం వైపు, బస్‌స్టాపు మీదుగా, ఇళ్ళ కప్పుల మీదుగా, నీలంగా కనిపించీ కనిపించకుండా ఉన్న కొండల వైపు తిరిగి, ముందుకాళ్ళు సర్దుకుని వంగాడు. వంగి, ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

అవ్వ కళ్ళు చిట్లించి అటు చూసింది. "ఎవరున్నార్రా అక్కడ?"

బస్‌స్టాపులో ఎవరూ లేరు. మమేజి చెవులు మాత్రం అటే రిక్కించి ఉన్నాయి, దేనికోసమో వింటున్నట్టు. అవ్వకి ఏమీ అర్థం కాలేదు. అయినా బిళ్ళల కట్ట కింద పెట్టి, ఏప్రాన్ సర్దుకుని, వాడి పక్కన నిలబడి, తనూ అటే తిరిగి వంగింది.